ఉన్నచోటనే కొలుచుట
(ప్రసంగ పాఠము)



పూర్వము మన గ్రామములలో కరణము ఇంటి అరుగుమీద కూర్చుండి పైరుల లెక్క వ్రాయుటకు వీలు లేకుండెను. అజమాయిషీ యను పేర పొలము గట్లు త్రొక్కి, ఏ సర్వే నంబరులో ఏ పైరున్నది, ఎంత పండినది, ఎంత ఎండినది స్వయముగా చూచి అడంగలులో నమోదు చేయవలెను. రైతు గుప్పెడు వెన్నులు తెంపి చావడికి తెచ్చి చూపినంతమాత్రమున ఆ యేటి పంట తేలదు. తెచ్చిన వెన్ను మంచిదే కావచ్చును; కాని దానిని ఏరినవాడు రైతు. పైగా దారిపొడుగున ఎండకు వాడిన వెన్ను చేనిలో నిలిచియున్న వెన్నుతో సమానము కాదు. కరణము నిజముగా గట్టు త్రొక్కెనా లేదా యనునది వేరు ప్రశ్న. నియమము మాత్రము మంచిది.

విజ్ఞానశాస్త్రములో ఈ అజమాయిషీకి ‘ఇన్ సిటు’ కొలత యని పేరు. లాటిను మాట, ‘దాని స్థానముననే’ యని అర్థము. కొలువదగిన వస్తువును ప్రయోగశాలకు మోసికొని వచ్చుటకు బదులు, కొలుచు సాధనమునే ఆ వస్తువు ఉన్నచోటికి పంపుట ఈ పద్ధతి. వైద్యుడు జ్వరమును నాలుక క్రింద చూచుట ఇట్టిదే. 2023 ఆగస్టులో చంద్రునిపై దిగిన మన చంద్రయాన్-3 అక్కడి మట్టిలోనికి ఒక సన్నని కడ్డీని దింపి, నేల పైభాగమునకును ఎనిమిది సెంటీమీటర్ల లోతునకును నడుమ సుమారు 60 డిగ్రీల వ్యత్యాసమున్నదని తెలిపినదియు ఇట్టిదే. ఆ మట్టిని త్రవ్వి భూమికి తెచ్చియున్నచో దాని కూర్పు తెలియును గాని ఆ ఉష్ణోగ్రత ఎన్నటికిని తెలియదు. కొన్ని గుణములు వస్తువుతో ప్రయాణము చేయవు.

ఈ పద్ధతి యొక్క మేలును, దానిలోని మోసమును తెలిసికొనుటకు సముద్రమును మించిన పాఠశాల లేదు. సముద్రము అడుగున నీరు ఎంత చల్లగా నున్నది? ఈ ఒక్క ప్రశ్నకు నమ్మదగిన సమాధానము చెప్పుటకు మానవునకు నూరేండ్లకు మించి పట్టినది.

1751లో హెన్రీ ఎల్లిస్ అను ఆంగ్లేయ నౌకాధిపతి ఆఫ్రికా తీరము చేరువ అట్లాంటికు సముద్రములో ఒక బొక్కెనను త్రాటితో దింపెను. అది స్టీఫెన్ హేల్స్ అను పండితుడు కల్పించిన బొక్కెన. దిగునపుడు దాని మూతలు తెరచుకొని నీరు లోపలినుండి సాగిపోవును. పైకి లాగునపుడు మూతలు పడి, చివరి లోతుననున్న నీరు లోపల చిక్కును. ఉష్ణమాపకము బొక్కెనలోనే యుండును. పైనీరు 84 డిగ్రీల ఫారన్‌హీటు వేడి కలిగియుండగా, 3,900 అడుగుల లోతునుండి వచ్చిన నీరు 53 డిగ్రీలు చూపెను. ఎల్లిస్ ఆ బొక్కెనను 5,346 అడుగుల వరకును దింపి చూచెను. ఉష్ణోగ్రత అంతకంటె దిగలేదు. ఉష్ణమండలపు ఎండలో ఆ చల్లని నీరు స్నానమునకును, ద్రాక్షసారాయి చల్లార్చుకొనుటకును మిక్కిలి ఉపకరించినదని ఆయన సంతోషించెను. ఆ నౌక బానిసల వ్యాపారము చేయునది. పైన చల్లని స్నానమునకు సంతోషించిన నౌక అట్టిదని మరచుట న్యాయము కాదు.

ఎల్లిస్ చూచిన 53 డిగ్రీలు అడుగు నీటి ఉష్ణోగ్రత కాదు. బొక్కెన మైలు దూరము వెచ్చని నీటిలోనుండి పైకి వచ్చుచు, దారిపొడుగున వేడిని గ్రహించినది. చావడికి వచ్చునప్పటికి వెన్ను వాడినది. దాని స్థానములో నీరు అంతకంటె చల్లనిది.

అందుచేత నీటిని పైకి తెచ్చుట మాని, ఉష్ణమాపకమునే క్రిందికి పంపుట మేలని తరువాతివారు తలచిరి. తాను చూచిన కనిష్ఠమును గుర్తు పెట్టుకొను ఉష్ణమాపకములు అప్పటికే యున్నవి. సాధనము ఉన్నచోటికి పోయినది గదా, ఇక చిక్కేమి యని ఎవరైనను అనుకొందురు. చిక్కు అక్కడనే మొదలైనది. నీటిలో ప్రతి పది మీటర్ల లోతునకు సుమారు ఒక వాతావరణపు పీడనము చొప్పున పెరుగును. రెండువేల మీటర్ల దిగువ ఆ గాజు బుడ్డిమీద పడునది పైగాలి బరువునకు రెండువందల రెట్లు. బుడ్డి నలిగి లోపలి ద్రవము పైకి ఎక్కును. సాధనము తాను పొందిన నొక్కుడును వేడిగా చెప్పును.

దీని ఫలము చిన్నది కాదు. 1839 మొదలు 1843 వరకు దక్షిణ ధ్రువప్రాంతమున నౌకాయానము చేసిన జేమ్స్ క్లార్క్ రాస్ మిక్కిలి సాహసికుడు, శ్రద్ధాళువు. ఆయన ఉష్ణమాపకములు సముద్రపు లోతున ఎచ్చట చూచినను 39.5 డిగ్రీల ఫారన్‌హీటునకు, అనగా సెంటీగ్రేడులో రమారమి 4 డిగ్రీలకు, దిగువకు పోకుండెను. మంచినీరు 4 డిగ్రీల వద్ద అన్నిటికంటె బరువుగా నుండునని అందరికిని తెలిసిన సంగతియే. రెండును సరిపోయినవి! భూగోళమంతట సముద్రము అడుగున నీరు ఒకే 4 డిగ్రీలతో నిశ్చలముగా పడియున్నదను సిద్ధాంతము పుట్టి, పెద్దల ఆమోదము పొందెను. ఉప్పునీరు మంచినీటివంటిది కాదనియు, అది గడ్డకట్టువరకు చల్లబడినకొలదియు బరువెక్కుననియు చెప్పినవారి మాట చాలకాలము చెల్లలేదు. సాధనము ఇచ్చిన తప్పు లెక్క, పుస్తకములోని సరియైన లెక్కతో కాకతాళీయముగా కలిసినపుడు దానిని సందేహించువారు అరుదు. కచేరీలలో లెక్కలు చూచువారికి ఇది క్రొత్త అనుభవము కాదు.

1869లో మిల్లర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు బుడ్డికి మరియొక గాజు కవచము తొడిగి, నడుమ కొంత సారాయము పోయించెను. నొక్కుడు కవచమునకే తగిలి ఆగెను. ఈ ఉష్ణమాపకములనే 1872 డిసెంబరులో బయలుదేరిన ‘ఛాలెంజర్’ నౌక తీసికొనిపోయి, మూడున్నర సంవత్సరములు భూగోళమును చుట్టి, 362 చోట్ల ఆగి కొలిచెను. సముద్రగర్భము 4 డిగ్రీల చెరువు కాదనియు, విస్తారమైన భాగములలో నీరు అంతకంటె చల్లగా నున్నదనియు స్థిరపడెను. ఆ నౌక బంగాళాఖాతము చాయలకు రాలేదు. అది కేప్‌టౌను విడిచి దక్షిణ హిందూమహాసముద్రము మీదుగా ఆస్ట్రేలియా చేరెను.

అయినను ఆ సాధనమున ఒక లోపము మిగిలెను. కనిష్ఠమును గుర్తుంచుకొను ఉష్ణమాపకము తాను దారిలో చూచిన అతి చల్లని చోటును చెప్పునే గాని, చేరిన చోటును చెప్పదు. ధ్రువసముద్రములలో చల్లని పొర క్రింద కొంచెము వెచ్చని పొర యుండుట కలదు. అచ్చట ఈ సాధనము దారిలో విన్న మాటనే గమ్యపు వార్తగా తెచ్చును.

ఈ లోపమును 1874లో లండనులోని నెగ్రెట్టి, జాంబ్రా అను సాధన నిర్మాతలు తీర్చిన తీరు ముచ్చటైనది. వారి ఉష్ణమాపకములో పాదరసము నిలుచు సన్నని గొట్టము ఒకచోట మరింత ఇరుకుగా చేయబడినది. సాధనమును లోతునకు దింపి, అక్కడి వేడికి అలవాటు పడువరకు కొన్ని నిమిషములు ఆగుదురు. తరువాత పైనుండి తీగ వెంబడి ఒక ఇత్తడి బిళ్ళను జారవిడుతురు. ఈ బిళ్ళకు నావికులు పెట్టిన పేరు దూత. దూత పోయి కొక్కెమును తట్టగానే సాధనము తలక్రిందులగును. ఇరుకు చోట పాదరసపు తీగ తెగి, తెగిన ముక్క రెండవ కొనకు జారిపోవును. ఇక దారిలో ఎంత వెచ్చని నీరు తగిలినను ఆ ముక్క పెరుగదు, తరుగదు. స్వల్పమైన సవరణ చాలును. ఈ సాధనముతో డిగ్రీలో నూరవ వంతును చదువగలిగిరి.

పాత శత్రువైన పీడనమును సేవకునిగా చేసికొనుట ఇంకను చమత్కారము. కవచముగల ఉష్ణమాపకము ప్రక్కనే కవచము లేనిదానిని కూడ కట్టి దింపుదురు. మొదటిది నిజమైన ఉష్ణోగ్రతను చెప్పును. రెండవది నొక్కుడువలన ప్రతి నూరు మీటర్లకు సుమారు ఒక డిగ్రీ ఎక్కువ చెప్పును. రెండింటి వ్యత్యాసమే లోతు! ప్రవాహములో తీగ వంకరపోయి ఎంత దిగినదో తెలియని వేళ లోతు చెప్పినది ఈ జంటయే. రాస్‌ను మోసగించిన దోషమే ఇక్కడ సాక్ష్యము చెప్పినది.

కొలుచు సాధనము వలన కొలువబడు వస్తువు చెడకుండుట మరియొక చిక్కు. చూచి రమ్మన్న కాల్చి వచ్చిన సామెత ఆంజనేయునకు కీర్తియే గాని, సాధనమునకు కాదు. సముద్రపు పైనీటి ఉష్ణోగ్రత కొలుచుట అందరికిని తేలికయని తోచును. పూర్వము నావికులు గుడ్డ బొక్కెనతో నీరు తోడి, పైకప్పుమీద పెట్టి ఉష్ణమాపకము ముంచుచుండిరి. మట్టికూజాలో నీరు చల్లబడినట్లే ఆ గుడ్డ బొక్కెనలో నీరు గాలికి ఆరి చల్లబడును. తరువాత కొన్ని దేశముల నౌకలలో యంత్రమును చల్లార్చుటకు లోనికి పీల్చుకొను నీటిని కొలువసాగిరి. అచ్చట యంత్రశాల వేడి తగులును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లెక్కలు పంపినవానిలో అమెరికా నౌకలు హెచ్చు. అవి యంత్రపు నీటిని చూచినవి. యుద్ధము ముగియగానే బ్రిటిషు నౌకల బొక్కెనలు హెచ్చైనవి. దానితో 1945 చివర ప్రపంచ సముద్రములన్నియు ఒక్కసారి సుమారు 0.3 డిగ్రీ చల్లబడినట్లు పట్టికలలో కనబడెను. సముద్రము చల్లబడలేదు, కొలుచు పాత్ర మారినది. ఈ సంగతి 2008లో గాని స్పష్టముగా బయటపడలేదు.

ఆంధ్రదేశమున ఈ విద్యకు పీఠము వాల్తేరు. 1952లో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడుగా వచ్చి, అచ్చటి విద్యార్థులతో, మన నౌకాదళపు ఓడలమీద బంగాళాఖాతమును కొలువసాగెను. వారి చేతిలోని ముఖ్య సాధనము బేతిథర్మోగ్రాఫు, అనగా లోతును వేడిని ఒకేమారు గీయునది. ఒక చిన్న గాజు పలకకు మసి పట్టించి లోపల పెట్టుదురు. సాధనము దిగుచున్నకొలది పీడనము పలకను ఒక ప్రక్కకును, వేడి ముల్లును వేరొక ప్రక్కకును త్రిప్పగా, రెండు మూడు వందల మీటర్ల నీటి చరిత్ర ఒక గీతగా పలకపై పడును. ఆ గీతలను చదివియే, వసంతకాలమున విశాఖ తీరమువెంట క్రింది చల్లని నీరు పైకి ఉబికి వచ్చునని తెలిసికొనిరి. ఆ తీరమున సముద్రగర్భములోనున్న లోయలకు లఫాండ్ ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ యని పేర్లు పెట్టెను. మహాదేవన్ ఆ విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్రాచార్యుడు.

నీటి అడుగు వేడిని ఇంత ఆరాటముతో కొలుచుట ఎందులకని తీరవాసులు అడుగరు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ మరువలేదు. తుపానుకు ఆహారము సముద్రపు వేడి. పైనీరు సుమారు 26 డిగ్రీలు మించి వెచ్చగా నున్నగాని తుపాను పెరుగదు. అయితే పైనీటి వేడి మాత్రమే చూచిన చాలదు. బలమైన తుపాను తానే సముద్రమును చిలికి క్రింది చల్లని నీటిని పైకి తెచ్చును. వెచ్చని పొర పలుచనైనచో తన పొయ్యిని తానే ఆర్పుకొనును. పొర మందమైనచో చిలికినకొలదియు వెచ్చని నీరే వచ్చును. ఆకాశమునుండి చూచు కృత్రిమోపగ్రహపు ఉష్ణనేత్రమునకు కనబడునది వెండ్రుక మందమైనను లేని పైపొర. ఉట్టిమీది కుండను క్రిందనుండి చూచినవానికి లోపల వెన్న ఎంతయున్నదో తెలియనట్లు, పైనుండి చూచు ఉపగ్రహమునకు ఆ పొర మందము నేరుగా కనబడదు.

బంగాళాఖాతమునకు మరియొక విశేషమున్నది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన మంచినీరు తేలికయై పైన తేలియుండును. ఉప్పెక్కువైన క్రింది నీటితో ఆ నీరు సులభముగా కలియదు. గాలి ఎంత చిలికినను చల్లని నీరు పైకి రాకుండ ఇది అడ్డుపడును. కావున ఇచ్చట వేడితోపాటు ఉప్పును కూడ లోతువారీగా కొలువవలెను. 1977లో ఆ పని చేయు సాధనముల వరుస ఏదియు ఈ సముద్రములో లేదు.

అట్టి వరుస 1999, 2000 సంవత్సరముల నుండి ఆర్గో యను పేర ప్రపంచమంతట ఏర్పడసాగినది. ఆర్గో గ్రీకు కథలలోని ఒక ఓడ పేరు. ఒక్కొక్కటి మనిషి ఎత్తుండు గొట్టము. లోపల నూనెసంచి, చిన్న పంపు, విద్యుద్ఘటములు, ఉష్ణోగ్రతను పీడనమును ఉప్పును కొలుచు సాధనములు. ఉప్పును నేరుగా కొలువరు. నీటిలో విద్యుత్తు ఎంత సులభముగా ప్రవహించునో చూచి లెక్కింతురు. గొట్టము 1,000 మీటర్ల లోతున ప్రవాహముతో కొట్టుకొనిపోవుచు తొమ్మిది దినములు ఊరకుండును. తరువాత 2,000 మీటర్లకు మునిగి, నూనెను వెలుపలి సంచిలోనికి నెట్టి తన పరిమాణమును పెంచుకొని తేలుచు, దారిపొడుగున కొలుచుచు పైకి వచ్చును. పైకి రాగానే ఉపగ్రహమునకు వార్త చెప్పి మరల మునుగును. పది దినములకు ఒక పర్యాయము చొప్పున నాలుగైదు సంవత్సరములు ఇదే ఉద్యోగము. సెలవు లేదు, బదిలీ మాత్రము ప్రతిదినము. 2012 చివరికి ఇవి పంపిన వార్తలు పది లక్షలు దాటినవి. ఇట్టివి ప్రపంచ సముద్రములలో ఇంచుమించు నాలుగువేలు తిరుగుచున్నవి. మన దేశపు గొట్టముల లెక్కలు చూచు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము హైదరాబాదులో నున్నది. సముద్రము కనుచూపు మేరలో లేని ఊరికి సముద్రము దినదినము నివేదికలు పంపుకొనుచున్నది. సచివాలయములలో పనిచేయువారికి ఇది వింత కానక్కరలేదు.

తుపానులలో ప్రాణనష్టము తగ్గుటకు ఈ గొట్టములే కారణమనుట అతిశయోక్తి. రేడారులు, ఉపగ్రహములు, గణనయంత్రములు, తుపాను ఆశ్రయ గృహములు, అర్ధరాత్రి గ్రామములకు పోయి జనులను లేపిన తహసీలుదారులు, వీరందరిని లెక్కింపవలెను. తుపాను ఎంత బలపడును అను ప్రశ్నకు మాత్రము నీటి అడుగు లెక్క లేనిదే సమాధానము చెప్పుట కష్టము.

సాధనము నీటిలోనే యున్నంతమాత్రమున పరీక్ష ముగిసినదా? 2006లో జాన్ లైమన్, జోష్ విల్లిస్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు, 2003 నుండి 2005 వరకు సముద్రముల పైభాగము చల్లబడినదని ప్రకటించిరి. భూమి వేడెక్కుచున్నదని చెప్పుచున్న కాలములో ఆ వార్త పెద్ద కలకలము రేపెను. మరుసటి సంవత్సరమే అందు పెద్ద భాగము పొరపాటని వారే ఒప్పుకొనిరి. కొన్ని గొట్టములు లోతును తప్పుగా నమోదు చేయుచున్నవి. ఒక లోతున చూచిన చల్లదనమును వేరొక లోతు ఖాతాలో వ్రాసినవి. రాస్ విషయములో అబద్ధము చెప్పినదియు ఈ పీడనపు లెక్కయే. నూట అరువదేండ్ల తరువాత వేరు వేషమున మరల వచ్చినది. తేడా యొకటి: రాస్ తప్పు తేలుటకు ముప్పది సంవత్సరములు పట్టినది, ఇది ఒక సంవత్సరములో తేలినది. ఓడలనుండి దింపిన సాధనముల లెక్కలు, ఉపగ్రహముల లెక్కలు ప్రక్కన పెట్టి చూచుటచేతనే అది తేలినది. ఈ తప్పును తామే బయట పెట్టినవారిని మెచ్చుకొనవలెను. వ్రాసిన నోటును తానే రద్దుచేయు అధికారులు ఎంతమంది?

సముద్రపు అడుగుననే కూర్చుండి కొలుచు సాధనము ఇంకొకటి కలదు. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము సుమత్రా చెంత సముద్రగర్భము కంపించిన తరువాత ఉప్పెన మన తూర్పు తీరమును చేరుటకు రెండు గంటలకు పైగా పట్టినది. భూకంప మాపకములు భూకంపము కలిగినదని చెప్పినవి. నీరు కదలినదా లేదా అనునది నీటిని అడిగినగాని తెలియదు. ఆనాడు హిందూమహాసముద్రములో నీటిని అడుగుటకు అట్టి సాధనము లేకుండెను. తరువాత హైదరాబాదు కేంద్రముననే 2007 అక్టోబరులో ఉప్పెన హెచ్చరిక కేంద్రము నెలకొల్పబడెను. సముద్రపు నేలమీద పీడన మాపకములు ఉంచిరి. వేలాది మీటర్ల నీరు తలపై మోయుచున్నను, పైన సముద్రమట్టము కొద్ది సెంటీమీటర్లు లేచినచో అవి గుర్తించును. నీటిలో ధ్వనిద్వారా పైనున్న బోయాకు చెప్పును. బోయా ఉపగ్రహమునకు చెప్పును. 2012 ఏప్రిల్ 11వ తేదీన అదే ప్రాంతమున 8.6 తీవ్రతతో భూకంపము వచ్చి తీరమంతయు భయపడినపుడు, నీటి కొలతలు స్వల్పమైన అలలనే చూపినవి. హెచ్చరికను కొన్ని గంటలలో ఉపసంహరించుకొనిరి. ప్రమాదము లేదని చెప్పుట ప్రమాదమున్నదని చెప్పుటంత అవసరము. ఉట్టి హెచ్చరికకు రెండు సార్లు పరుగెత్తినవాడు మూడవసారి కదలడు.

ఈ బోయాలకు తుపానులకంటె పెద్ద బాధ పడవలవలన కలుగుచున్నది. నడిసముద్రములో తేలు వస్తువు ఏదైనను దాని నీడన చేపలు చేరును. చేపలున్నచోట జాలరి యుండుట సహజము. పడవను బోయాకు కట్టి వల వేయుదురు. కొందరు పైనున్న సామగ్రిని విప్పుకొనిపోవుటయు కలదు. చేపలు ఏ దిక్కున దొరకునో ఉపగ్రహపు లెక్కలు చూచి జాలరులకు వారి భాషలలో తెలుపుచున్నదియు ఆ హైదరాబాదు కేంద్రమే. ఆ కబురు అందుకొని బయలుదేరిన పడవయే బోయా చెంతకు వచ్చి ఆగవచ్చును. జాలరిని దొంగయని తిట్టి ప్రయోజనము లేదు. ఆ బోయా దేనికో అతనికి అతని మాటలలో, అతని రేవులో చెప్పినవారు కావలెను. కట్టుత్రాడు తెగి బోయా కొట్టుకొనిపోయిన దినమున అడుగున మాపకము కొలుచుచునే యుండును. దాని మాట పైకి మోయువారుండరు. ఓడ వెళ్ళి క్రొత్త బోయాను కట్టువరకు ఆ చోటినుండి కబురు రాదు.